అపరీక్షితకారకమును క్షురకవిద్యయు

పంచతంత్రమునందలి యైదవ తంత్రమునకు అపరీక్షితకారకమని పేరు. ఒకదానిని సగము చూచి, దాని కారణమును విచారింపక, తానును అట్లే చేయఁబూనువాఁడు చెడునని దాని సారము. ఈ నీతికి దృష్టాంతముగా గ్రంథకర్త యొక క్షురకుని గైకొనినాఁడు. ఈ కథను పాఠశాలలలో చెప్పు పండితులును, వినుబాలకులును, క్షురకుఁడనఁగా కన్నదానిని ఆలోచనలేక అనుకరించువాఁడని తలఁచుట పరిపాటియైనది. ఆ తలఁపును విమర్శించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. చూచుట, దిద్దించుకొనుట, పరీక్షకు నిలుచుట యను మూఁడుమెట్లమీఁద నిలిచిన వృత్తిని అపరీక్షితకారకమునకు గుఱుతుగా నిలుపుటలో మనము కథకుని తొందరపడి చదివితిమి. ఆ కథనే నిదానించి చదివినచో, దోషము వృత్తిది కాదనియు, పనిని చూపి కారణమును దాఁచినవానికిని అందు పాలు కలదనియు తేటపడును. ఇదియే నా ప్రతిపాదనము.

ఆరంభమునందే యొకమాట చెప్పవలసియున్నది. ఈ వృత్తివారు నేఁడు తమ్ము నాయీబ్రాహ్మణులని వ్యవహరించుకొందురు. వారు కోరుకొనిన పేరే గౌరవమైన పేరు. మంగలి మొదలగు పదములు ఈ వ్యాసమున శబ్దవిచారమునకును, సామెతల విచారమునకును మాత్రమే వచ్చును, నిందకొఱకు రావు.

1. పేర్ల సాక్ష్యము

అమరసింహుఁడు శూద్రవర్గమునందు క్షురకునికి ఐదుపేర్లు చెప్పినాఁడు: క్షురి, ముండి, దివాకీర్తి, నాపితుఁడు, అంతావసాయి. వీనిలో మొదటిది పనిముట్టునుబట్టియు, రెండవది పనినిబట్టియు వచ్చినవి. దివాకీర్తియను పేరు విచారింపఁదగినది. ఆ వర్గమునందే కొంతదూరము పోఁగా చండాలుని పేర్లలో ఈ శబ్దమే మరల కానవచ్చును. ఇరువురికిని ఒకేపేరు చెల్లుటచే లోకము ఈ పనివానిని ఎంత ఎడముగా నిలుపఁజూచినదో తెలియుచున్నది. ఆ చండాలనామములలోనే అంతేవాసి యనునదియు నున్నది. అంతేవాసి యనఁగా శిష్యుఁడని మన మెఱుఁగుదుము. గురువుచెంత వసించువాఁడు అంతేవాసి. ఊరిచివర వసించువాఁడును అంతేవాసియే. చెంత యనునర్థమును, చివర యనునర్థమును ఒక్క అంతశబ్దమునందే యిమిడియున్నవి. విద్యకు దగ్గఱచేసిన మాటయే మఱియొకచోట మనుష్యుని దూరము చేసినది. అయినను మనుస్మృతి నాల్గవ అధ్యాయమున, ఎవరియన్నము భుజింపవచ్చునో చెప్పుపట్టున నాపితుఁడును పేర్కొనఁబడినాఁడు. దూరముగా నుంచుటయు, దగ్గఱకు రానిచ్చుటయు ఈ వృత్తివిషయమున మొదటినుండియు కలిసియే యున్నవి.

వ్యాకరణము చెప్పునది వేఱు. పాణిని తద్ధితప్రకరణమునందు (5.4.67) ముండనార్థమున మద్రశబ్దమునకు డాచ్ప్రత్యయమును విధించినాఁడు. వార్తికము భద్రశబ్దమునుగూడ అందుఁ జేర్చినది. కావున మద్రాకరోతి, భద్రాకరోతి యనఁగా తల గొఱుగుచున్నాఁడని యర్థము. మద్రభద్రశబ్దములు రెండును శుభమును చెప్పునవి. బాలునికి శుభము చేయుచున్నాఁడనుటయు, పుట్టువెండ్రుకలు తీయుచున్నాఁడనుటయు వైయాకరణులకు ఒక్కటే. మన మంగలిపదమును మంగళశబ్దముతో ముడిపెట్టుట కలదు. ఆ వ్యుత్పత్తి నిలుచునా నిలువదా యనుట భాషాశాస్త్రజ్ఞులు తేల్పవలసినదే యైనను, ఆ ముడిలోని తలఁపు పాణినీయమార్గమునకు దూరము కాదు. తిరుమలలో తలనీలాలు సమర్పించు తావునకు కల్యాణకట్టయని పేరు. భద్రము, మంగళము, కల్యాణము, ఈ మూఁడును ఒక్కదారినే నడచిన మాటలు. పెండ్లిలో సన్నాయియు డోలును వాయించి మంగళధ్వని చేయువారును, పల్లెలలో పురుడుపోసిన మంత్రసానులును పెక్కుచోట్ల ఈ కులమువారే యగుట ఆ మాటలకు తోడుసాక్ష్యము.

కాని వీథిలోని నుడికారము వేఱుదారి పట్టినది. ‘క్షవరమైతేగాని వివరము కాదు’ అని లోకోక్తి. నష్టపడినపిదపఁగాని బుద్ధి రాదనుట దాని తాత్పర్యము. శాస్త్రమున శుభముగా నున్నపని సామెతయందు నష్టమైనది. ఒకే పనికి శాస్త్రము పెట్టినపేరును, లోకము పెట్టినపేరును ఇట్లు ఎదురెదురుగా నిలిచినప్పుడు, వాఙ్మయము ఏపక్షమును చేరినదో చూడవలసియున్నది.

2. కథాపరామర్శ

క్షురకుని కథకు మూఁడురూపములు ముఖ్యములు. తంత్రాఖ్యాయికయందు ఐదవ తంత్రమునకు మూలకథ బ్రాహ్మణుఁడును ముంగిసయును. క్షురకునిది అందులోని యుపకథ. 1199 వ సంవత్సరమున పూర్ణభద్రుఁడను జైనపండితుఁడు కూర్చిన పాఠమునందు అది తలకెక్కి మూలకథయైనది. నారాయణపండితుని హితోపదేశమున ఇదియే విగ్రహభాగమున, అయోధ్యయందు చూడామణి యను క్షత్రియుని కథగా వచ్చినది. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికయందు మిత్రలాభమిత్రభేదములు మాత్రమే యుండుటచే, తెలుఁగుబాలురకు ఈ కథ సూరిగారి వచనమున లభింపలేదు. సంస్కృతపాఠములనుండియు, కథలపుస్తకములనుండియు అది వారికి అందుచున్నది. అందువలన కథాంగములు కొన్ని రాలిపోయి, నీతి మాత్రము మిగులుట సంభవించినది. ఆ రాలిపోయిన యంగములే నా విచారమునకు ముఖ్యములు.

పాటలీపుత్రమున మణిభద్రుఁడను వర్తకుఁడు ధనము పోఁగొట్టుకొని ప్రాణత్యాగమునకు సిద్ధపడెను. ఆ రాత్రి కలలో పద్మనిధి జైనభిక్షురూపమున కనఁబడి, మఱునాఁటి ఉదయమున తాను ఈ రూపముతోనే వత్తుననియు, దుడ్డుకఱ్ఱతో తలపైఁ గొట్టినచో బంగారమగుదుననియు చెప్పెను. తెల్లవాఱెను. ధనమునే ధ్యానించువానికి ధనమే కలలోనికి వచ్చుట సహజము గాన ఆ కల నిజమో కల్లయో యని వర్తకుఁడు సందేహించుచునే యుండెను. అదేవేళ అతని భార్య పిలువనంపఁగా పాదసేవకై యొక క్షురకుఁడు ఇంటికి వచ్చెను. అంతలో భిక్షువు కానవచ్చెను, వర్తకుఁడు కొట్టెను, భిక్షువు బంగారమై కూలెను. వర్తకుఁడు ఆ బంగారమును దాఁచి, క్షురకునికి ధనమును వస్త్రములను ఇచ్చి, ఈ సంగతి ఎవరికిని చెప్పవలదనెను. క్షురకుఁడు ఇల్లుచేరి, భిక్షువులందఱును కొట్టినచో బంగారమగుదురని నిశ్చయించుకొని, విహారమునకు పోయి వారిని ఆహ్వానించి తెచ్చి దుడ్డుకఱ్ఱతోఁ గొట్టెను. కొందఱు చచ్చిరి, కొందఱు గాయపడి యఱచిరి. రక్షకులు పట్టుకొనిరి. విచారణయందు క్షురకుఁడు మణిభద్రుని పేరు చెప్పెను. మణిభద్రుఁడు వచ్చి కలను చెప్పెను. ధర్మాధికారులు క్షురకుని కొఱ్ఱువేయించిరి.

ఇచట మొదటి ప్రశ్న: చూచినవాఁడు క్షురకుఁడే యేల కావలెను? చాకలి, వడ్రంగి, కుంభకారుఁడు ఏల కాకూడదు? సమాధానము వృత్తిధర్మమునందే యున్నది. వర్తకుని ఇంటిలోపలికి, తెల్లవాఱుజామున, ఆయుధముతో రాఁగల పరాయివాఁడు క్షురకుఁడొక్కఁడే. యజమానుఁడు అతనియెదుట తలయు మెడయు పాదములును అప్పగించి కూర్చుండును. హితోపదేశకర్త ఈ మర్మమును ఇంకను బిగించినాఁడు. అందు కలలోని దేవత చూడామణిని క్షౌరము చేయించుకొనియే తలుపుచాటున పొంచియుండుమని చెప్పును. కావున క్షురకుఁడు కథలోనికి దైవాజ్ఞచేతనే వచ్చుచున్నాఁడు. ఇంత నమ్మకమునకు పాత్రుఁడైనవాఁడు గనుకనే సాక్షి కాఁగలిగెను. అరబ్బీకథలలోని బాగ్దాదుక్షురకుఁడు మొదలుగా ఎన్నియో దేశములలో క్షురకుని వదరుఁబోతుగా చిత్రించుటకు మూలము ఇదియే: లోపలి సంగతులు అతనికి తెలియును. తన యింటిరహస్యము ఇతరునికి తెలిసినదను భయమే నవ్వుగా మాఱినది.

రెండవ ప్రశ్న ముఖ్యతరము: పరీక్షింపక పనిచేసినవాఁడు క్షురకుఁడొక్కఁడేనా? మణిభద్రుఁడు తన కలను తానే నమ్మలేదు. సందేహము తీఱకయే వాకిటికి వచ్చిన మనుష్యుని తలపై దుడ్డుకఱ్ఱ యెత్తినాఁడు. ఆ మనుష్యుఁడు నిధి కాక నిజమైన భిక్షువే యైయుండినచో, కొఱ్ఱుపైఁ గూర్చుండవలసినవాఁడు వర్తకుఁడే. ఫలము కలిసివచ్చుటచే అతని సాహసము వివేకమైనది. కలిసిరానందున క్షురకుని సాహసము అవివేకమైనది. కథకుఁడు ఈ యంశమును ఎఱుఁగనివాఁడు కాఁడు; ఎఱుఁగకున్నచో వర్తకుని నోట సందేహమును పలికింపఁడు. పలికించి, దానిని విచారింపక విడిచినాఁడు. మనమును విడిచితిమి.

మూఁడవది నా వాదమునకు ఆయువుపట్టు. వర్తకుఁడు క్షురకునికి ధనమిచ్చెను, వస్త్రమిచ్చెను, కారణము మాత్రము ఈయలేదు. ‘ఇది కలలో వచ్చిన నిధి, ఈ యొక్కనికే చెల్లును’ అను ఒక్కమాట చెప్పియుండినచో విహారమున రక్తము చిందకుండెడిది. క్షురకుఁడు చూచినది పొరపాటు కాదు: కొట్టుట నిజము, బంగారమగుట నిజము. అతనికి కొఱవడినది కంటికి కనఁబడని భాగము. అది కలయందున్నది, కల వర్తకుని కడుపులో నున్నది. పనిని కంటియెదుట చేసి, మర్మమును దాఁచి, నోరుమూయుటకు కూలి యిచ్చుట బోధకు విరుద్ధమైనది. ఇట్టిదానిని చూపి చెప్పని విద్య యనవచ్చును. చూపి చెప్పని విద్యకు ఫలమే అపరీక్షితకారకము. ధర్మాధికారులు చేసినవానిని శిక్షించి దాఁచినవానిని విడిచిరి. ఇట్లనుటచే క్షురకుఁడు నిర్దోషియని నా తాత్పర్యము కాదు. లోభము అతనిది, హత్యయు అతనిదే. కాని ఆ దోషమునకు అతని వృత్తిని కారణముగా చూపుట మాత్రము కథచేత సిద్ధింపదు.

3. యోగ్యాశబ్దము

కత్తిపనిని నేర్పు విధానమును మన శాస్త్రము వ్రాసిపెట్టకపోలేదు. అయితే అది శస్త్రవైద్యునికై వ్రాసినది. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయమునకు యోగ్యాసూత్రీయమని పేరు. యోగ్య యనఁగా అభ్యాసము. ఎంత విన్నవాఁడైనను యోగ్య చేయనివాఁడు పనికి అయోగ్యుఁడని సుశ్రుతుఁడు ఆ శబ్దముతోనే చమత్కరించును. కోఁతను గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపైని, గీఁకుటను వెండ్రుకలతోఁ గూడి చాచి బిగించిన తోలుపైని, కట్లుకట్టుటను గుడ్డతోఁ జేసిన బొమ్మపైని నేర్వవలెనని విధించును. వెండ్రుకలుగల తోలుపై కత్తి నడపుట క్షురకుని పనికి ఎంత దగ్గఱయో చెప్పనక్కఱలేదు. దీనికి ముందటి యధ్యాయమున శస్త్రములను నూఱుటకు నున్ననిఱాయి, అంచును నిలుపుటకు బూరుగుపలక చెప్పఁబడినవి. శస్త్రము వెండ్రుకను తెగఁగోయునంతటి పదునెక్కినప్పుడే పనికి వచ్చునని అచటి నిర్ణయము. వైద్యుని కత్తికి పరీక్ష వెండ్రుక. క్షురకుని కత్తికి ప్రతిదినమును అదే పరీక్ష.

సుశ్రుతుఁడే మూఁడవ అధ్యాయమున మఱియొకమాట చెప్పును. శాస్త్రము మాత్రమే తెలిసి పని తెలియనివాఁడు రోగినెదుట యుద్ధమున పిఱికివానివలె కలఁతపడును. పని తెలిసి శాస్త్రము తెలియనివాఁడు సజ్జనులచే పూజింపఁబడఁడు, రాజుచేత వధింపఁదగినవాఁడు. ఇరువురును ఒంటిఱెక్క పక్షులు. ఉపమానము సమముగానున్నది, శిక్ష మాత్రము సమముగా లేదు. పని రాని పండితునికి భయము, చదువు లేని పనివానికి మరణము. శాస్త్రము చదువుటకు అధికారమున్నవాఁడును లేనివాఁడును ఒకేతీరున నిలిచినచో ఈ దండనము న్యాయమగును. చదువు అందనీయక చదువులేమికి దండించుట న్యాయము కాదు. మణిభద్రుని కథయందలి కొఱ్ఱును, సుశ్రుతసంహితయందలి రాజదండమును ఒక్కచెట్టు కొమ్మలే.

4. ఉపాలికథ

అపరీక్షితకారకమునకు ప్రతిగా నిలుపఁదగిన కథ బౌద్ధవాఙ్మయమున నున్నది. కపిలవస్తునగరమున శాక్యకుమారులకు క్షౌరము చేయు ఉపాలి వారితోఁగూడ సంఘమున చేరెను. తమ అభిమానము అణఁగవలెనని, ముందుగా ఉపాలికే దీక్ష యిమ్మని కుమారులు కోరిరి. అందువలన నిన్నటి సేవకునికి వారు నమస్కరింపవలసివచ్చెను. బుద్ధనిర్యాణానంతరము రాజగృహమున జరిగిన మొదటి సంగీతియందు మహాకాశ్యపుఁడు ప్రశ్నింపఁగా వినయమంతయు ఒప్పగించినవాఁడు ఈ ఉపాలియే. ఏది చేయఁదగును, ఏది చేయఁదగదు, ఏకారణమున అను నియమములను సందర్భముతోఁగూడ ధారణచేసినవాఁడు క్షురకుఁడగుట చూడుఁడు. ఐదవ తంత్రము క్షురకునియందు లేదన్న గుణమే వినయపిటకమునకు ఆధారమైనది.

ఉపాలి బాల్యమును గూర్చిన కథ ఇంకను విలువైనది. మహావస్తువునందును, చీనాభాషలో నిలిచిన ధర్మగుప్తకవినయమునందును ఇది కొలఁది భేదములతో నున్నది. బాలుఁడగు ఉపాలి బుద్ధుని తల గొఱుగుచుండఁగా, కన్నవారు ‘పిల్లవాఁడు బాగుగా చేయుచున్నాఁడా?’ యని యడుగుదురు. బాగుగానే చేయుచున్నాఁడు గాని యని భగవానుఁడు ఒక్కొక్కలోపమునే చూపును. చీనాపాఠమున ఆ లోపములు నాలుగు: మేను మిక్కిలి వంచుట, మిక్కిలి నిక్కించుట, పీల్చుగాలి మోటగుట, విడుచుగాలి మోటగుట. చెప్పఁగానే బాలుఁడు దిద్దుకొనును. ఒక్కొక్క దిద్దుబాటుతో ఒక్కొక్క ధ్యానభూమి నెక్కి, తుదకు నాల్గవ ధ్యానమును పొందును.

ఈ కథను మహిమకథగా మాత్రమే చదువుట చాలదు. క్షురకవిద్యాభ్యాసమునకు ఇంత సూక్ష్మమైన సాహిత్యసాక్ష్యము నాకు మఱియొకటి కానరాలేదు. వంగినచో చేతిబరువు కత్తిపైఁ బడును. నిక్కినచో చేయి అందక మణికట్టు బిగియును. గాలి గట్టిగా పీల్చి విడిచినచో భుజము కదలును, భుజముతో అంచు కదలును. ఈ లోపములను చెప్పినవాఁడు తల అప్పగించి కూర్చుండినవాఁడే. మణిభద్రునివలె ఇతఁడు కారణమును దాఁచలేదు. ఒక్కసారిగా అన్నియు చెప్పి బాలుని బెదరింపలేదు. మెచ్చికోలు ముందు, లోపము తరువాత, దిద్దుకొనుటకు ఎడము ఆపైని. బోధనాక్రమమునకు ఇంతకన్న మంచిమచ్చు పండితులకు దొరకదు. ఒక కథయందు చూచిన క్షురకుఁడు కొఱ్ఱెక్కెను. మఱియొకదానియందు దిద్దఁబడిన క్షురకుఁడు ధ్యానమెక్కెను. ఇరువురును చూచి నేర్చినవారే. భేదము నేర్పినవారియందున్నది.

5. తెలుఁగుసామెతలు, పనిముట్లు

ఇఁక మన దేశభాషను చూతము. ‘మంగలి పాత, చాకలి కొత్త’ యని సామెత. చాకలి కొత్తవాఁడైనచో మెప్పుకొఱకు బట్టలు శ్రద్ధగా ఉదుకును. క్షురకుఁడు మాత్రము ప్రాఁతవాఁడు కావలెను, చేయి తిరిగినవాఁడు కావలెను. శ్రద్ధకును నేర్పునకును గల భేదమును ఈ నాలుగుమాటలు తేల్చినవి. శ్రద్ధ ఒక్కదినమున కలుగవచ్చును. నేర్పునకు కాలము పట్టును. సామెతలలో ఈ వృత్తిని నవ్వినవి పెక్కు. దాని విద్యను గుర్తించినది ఇది. ‘పనిలేని మంగలి పిల్లితల గొఱిగినాఁడు’ అనునది నవ్వుటకే పుట్టినది. దానియందు అభ్యాసమునకు సూచన యున్నదనుట సాహసమగును. అయినను చేయి ఊరకుండనేరని పనివాని స్వభావము అందు నీడవలె కనఁబడకపోదు.

శబ్దములును విద్యాసాక్ష్యములే. అడపమను మాటకు తాంబూలపుసంచి యనియు, క్షురకుని పొది యనియు రెండర్థములు. రాజునకు ఆకుమడుపులందించువాఁడును, తలకు కత్తి యెత్తువాఁడును చేతిసంచికి ఒకేపేరు పెట్టుకొనిరి. ఇరువురును దేహమునకు మిక్కిలి దగ్గఱ మసలువారు, ఇరువురును నమ్మకముపై బ్రదుకువారు. గీయు నను ధాతువు ఇంకను విస్మయకరము. పలకపై గీఁత గీయుట, తాటిచెట్టు గీయుట, గడ్డము గీయుట, ఈ మూఁడింటికిని క్రియ యొక్కటే. లేఖకుఁడు, గీఁతపనివాఁడు, క్షురకుఁడు మువ్వురును అంచుగల పనిముట్టును ఒక తలముపై లోఁతు తప్పకుండ నడుపువారు. లోఁతు తప్పినచో ఆకు చినుఁగును, చెట్టు చచ్చును, చర్మము తెగును. వ్రాఁతకు పండితుఁడని పేరు పెట్టిన భాషయే మిగిలిన రెండింటిని కులవృత్తులని విడిచినది. క్రియాపదము మాత్రము ఆ చుట్టఱికమును దాఁచుకొనియున్నది.

వృత్తియందలి నేర్పును ఒక్క యుదాహరణమున చూపెదను. మడతకత్తిని మొదట ఱాతిపై నూఱుదురు, పిదప తోలుపట్టెపై తీడుదురు. ఱాతిపై అంచు ముందుగా నడచును. తోలుపై వెన్ను ముందుగా నడచును. దూరమునుండి చూచు బాలునికి రెండును ఒకేతీరున కనఁబడును. తోలుపై అంచు ముందుగా నడపినచో తోలు తెగును, అంచు మొద్దువాఱును. చూచుట మాత్రముచే విద్య రాదనుటకును, కారణము చెప్పువాఁడు కావలెననుటకును ఇంతకన్న చిన్న నిదర్శనము లేదు. అట్లే తలపైని సుడి ఒక్కొక్కరికి ఒక్కొక్కరీతి తిరిగియుండును. వెండ్రుకలవాలు తెలియక కత్తి నడపరాదు. ఎడమచేతితో చర్మమును బిగఁబట్టి, కుడిచేతితో వాలు తెలిసి నడపుట ఏ గ్రంథమును చదివినను రాదు. నీళ్లు తెచ్చుట, అద్దము పట్టుట, కత్తి నూఱుట, తరువాతనే కత్తి పట్టుట యను క్రమమున కొడుకు తండ్రివద్ద నేర్చెను.

పల్లెలలో ఏఁటికొకమాఱు కల్లమునొద్ద గింజలు కొలిపించుకొని ఊరివారికందఱకు ఈ వృత్తివారు పనిచేసిన కాలమున పరీక్ష ఎంత కఠినమో తలపోయుఁడు. అవే తలలు మరల మరల వారిచేతికి వచ్చును. పండితుని తప్పు తాటాకులలో దాఁగును. క్షురకుని తప్పు వెండ్రుకలు పెరుగువఱకు వీథులలో తిరుగును. ఇట్టి వృత్తిని అపరీక్షితకారకమనుట మాటల వైపరీత్యము.

6. ఫలితార్థము

ఐరోపాఖండమున క్షురకులే శస్త్రవైద్యము చేయుచుండిరి. ఇంగ్లండునందు 1540లో క్షురకులును శస్త్రవైద్యులును ఒకే సంఘముగా కూడి, 1745లో విడిపోయిరి. ఫ్రాన్సుదేశమున ఆంబ్రోజ్ పారే క్షురకశిష్యుఁడుగా మొదలుపెట్టి రాజవైద్యుఁడయ్యెను. అతఁడు 1545లో తుపాకిగాయముల చికిత్సనుగూర్చిన గ్రంథమును పండితభాషయగు లాటినులో గాక తన దేశభాషయగు ఫ్రెంచియందు ప్రకటించెను. పనివాఁడే కలము పట్టినప్పుడు విద్య గ్రంథమైనది. మన దేశమున కత్తి పట్టినవానికి కలము దూరమగుటచే, అతని విద్య నోటను చేతను మాత్రమే నిలిచినది. అతనిని గూర్చి వ్రాసినవారు అతనిని సగము చూచి వ్రాసిరి. అపరీక్షితకారకదోషము వారియందే యున్నది.

నేఁడు ఈ విద్య రూపుమాఱినది. పారిశ్రామికశిక్షణసంస్థలలో కేశచర్మసంస్కారమును పాఠ్యక్రమముగా నేర్పుచున్నారు. విద్యార్థులు బొమ్మతలపై కత్తెర నడపి నేర్చుకొనుచున్నారు. సుశ్రుతుని గుడ్డబొమ్మకు ఇది వారసురాలు. కులముతో సంబంధములేనివారును, స్త్రీలును ఈ విద్యలోనికి వచ్చుచున్నారు. నూఱుఁడుఱాయికి మాఱుగా, ఒక్కమాఱు వాడి పాఱవేయు అలుగులు వచ్చినవి. ఒకరి నెత్తురు ఒకరికి సోఁకకుండుటకు ఇది మేలైనదే. కాని ఱాతితోను తోలుపట్టెతోను కూడిన మాటలు, అడపములోని ఒక్కొక్క పనిముట్టు పేరు, చేతికదలికల పేర్లు, ప్రాఁతకాఁపుల నోటనే మిగిలి, వారితోఁగూడ పోవుచున్నవి. నిఘంటుకారులు కావ్యములను శోధించినట్లు ఈ పనివారలను అడిగి వ్రాసికొనవలెను. అడిగినప్పుడు మాటతోపాటు కారణమును అడుగవలెను. పేరు మాత్రము వ్రాసి ప్రయోజనమును విడిచినచో మనమును సగము చూచినవారమే యగుదుము.

పాఠశాలాపండితులకు నా మనవి యిది. ఐదవ తంత్రమును విడువవలదు, అది గొప్పకథ. దానిని చెప్పునప్పుడు మణిభద్రుని సందేహమును, అతఁడు కారణమును దాఁచుటను విడువక చెప్పుఁడు. ఆవెంటనే ఉపాలిబాల్యమును చెప్పుఁడు. తరగతిలో ఈ వృత్తివారి బిడ్డ యొకఁడుండవచ్చును. మొదటికథ మాత్రమే విన్నచో ఆ బిడ్డ తలవంచుకొనును. తోడిబాలురు అతనివైపు చూచి నవ్వుదురు. రెండును విన్నచో, విద్య యెట్లు చెడునో, ఎట్లు పండునో తరగతియంతయు తెలిసికొనును. బాలుఁడు తప్పుచేసినచో ముందుగా విచారింపవలసినది, మనము వానికి పనిని చూపితిమా, కారణమును గూడ చెప్పితిమా యనునదే. ప్రాజ్ఞులు ఈ విషయమును విచారింతురుగాక.